చిట్టా రాయని వెబ్‌సైట్లు

సంపాదకులకు నమస్కారం.

మాది గుంటూరు బ్రాడీపేట. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. మొన్న మిర్చి సీజన్లో ఒక కమీషన్ కొట్టుకు నేను జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సరంజామా) చేసిచ్చిన బిల్లుల సైటు మొరాయించింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపిన రైతులు పట్టీల (అమ్మకం చీటీల) కోసం ఎండలో నిలబడ్డారు, గుమస్తా ఫోన్ మీద ఫోన్, నేను టెన్షన్‌తో సర్వర్ తెరిస్తే అక్కడ ఒక్క ముక్క రాసి లేదు.

తప్పు నాదే. జాంగోలో లాగింగ్ (సైటులో జరిగేవి నమోదు చేసే ఏర్పాటు) జోలికి మనం పోకపోతే, డీబగ్ (తప్పులు వెతకడానికి వాడే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నంతసేపు సంగతులన్నీ తెరమీద కనిపిస్తాయి. సైటు జనంలోకి వెళ్ళేటప్పుడు డీబగ్ ఆఫ్ చేస్తాం (చేసి తీరాలి), ఇక అప్పటినుంచి ఎర్రర్లు మాత్రమే, అదీ అడ్మిన్స్ జాబితాలో ఉన్నవాళ్ళకు మెయిల్‌గా వెళ్తాయి. ఆ జాబితా మొదట ఖాళీగా ఉంటుంది. నేనూ అలాగే వదిలేశాను.

యార్డులో చిట్టా, ఆవర్జా లేకుండా ఏ కొట్టూ నడవదు. సైటుకు లాగ్ కూడా చిట్టానే.

ఆ రాత్రే సెట్టింగ్స్‌లో లాగింగ్ సొంతంగా రాశాను. ఫైలులోకి రాసే హ్యాండ్లర్ ఒకటి, డిస్క్ నిండకుండా రోజుకో కొత్త ఫైలు, పాతవి కొన్నాళ్ళకు వాటంతటవే పోయేలా. బిల్లులకు విడిగా ఒక లాగర్ (నమోదు చేసే భాగం) పెట్టి ఇన్ఫో (మామూలు సమాచారం) స్థాయి ఇచ్చాను, ఎందుకంటే పైథాన్ మామూలుగా వార్నింగ్ (హెచ్చరిక) కంటే కింది స్థాయివి వదిలేస్తుంది. 'డిజేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్' దగ్గర ఫాల్స్ అని పెట్టడం మరవకండి, లేదంటే జాంగో సొంత లాగర్లు మూగబోతాయి. ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు మాత్రం లాగ్‌లో పడనివ్వకూడదు.

మర్నాడు ఐదు నిమిషాల్లో కారణం దొరికింది. బరువు గడిలో 1,250 అని కామాతో కొడితే నా కోడ్ దాన్ని అంకెగా తీసుకోలేకపోతోంది, అంతే! దీనికోసం ఒక పూటంతా రైతులను నిలబెట్టాను.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (దేశ సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అసలు రాయనిదాన్ని ఎక్కడ భద్రపరుస్తారు?

మన గుంటూరు, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లలు ప్రాజెక్టును డీబగ్ ఆన్‌లోనే పెట్టి చూపిస్తారు, ఒకప్పుడు నేనూ అలాగే చూపించి మార్కులు తెచ్చుకున్నాను. ఈసారి వైవాలో డీబగ్ ఆఫ్ చేయించి, మీరే ఒక తప్పు అంకె కొట్టి, "ఇది ఎక్కడ నమోదైందో చూపించు" అని అడగండి.

— ఒక ప్రోగ్రామర్, గుంటూరు