అలపాయెవ్‌స్క్ కథ కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

రష్యా జార్ నికొలాస్ కుటుంబం హత్యపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎప్పటిలాగే 1918 జులైలో వాళ్లను చంపిన యెకాటెరిన్‌బర్గ్ ఊరి దగ్గరే ఆగిపోయింది. ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఆ మర్నాటి రాత్రే, ఉరల్ ప్రాంతంలోనే ఉన్న అలపాయెవ్‌స్క్ పట్టణం దగ్గర మరో ఎనిమిది మందిని గనిలో పడేసి చంపారు. వాళ్లలో జార్ బంధువు ప్రిన్స్ ఇవాన్ కాన్‌స్టాంటినొవిచ్ ఒకరు. ఆయన భార్య ఎలెనా గురించి మన పత్రికల్లో నేనెక్కడా చదవలేదు.

ఎలెనా సెర్బియా రాజు పీటర్ కూతురు. 1884లో మాంటెనీగ్రోలోని సెటినెలో పుట్టింది. ఐదేళ్లకే తల్లి పోయింది. పిన్నమ్మలిద్దరూ జార్ వంశమైన రోమనోవ్‌ల కోడళ్లు కావడంతో పీటర్స్‌బర్గ్‌లో చదువుకుంది. 1911లో పీటర్‌హోఫ్‌లో పెళ్లి. ఇద్దరు పిల్లలు.

1918 వసంతంలో బోల్షెవిక్ ప్రభుత్వం ఇవాన్‌ను దేశం లోపలికి పంపేసినప్పుడు పసిపిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి భర్త వెంట తనంతట తానే బయల్దేరింది. వ్యాట్కా, యెకాటెరిన్‌బర్గ్, ఆపైన అలపాయెవ్‌స్క్. చివరికి పిల్లల కోసమైనా వెళ్లమని భర్తే ఒప్పించాడు. వెళ్లేదల్లా దారిలో యెకాటెరిన్‌బర్గ్‌లో ఆగి, జార్‌ను బంధించిన ఇంటికి పోయి ఆయన్ను చూడాలని అడిగింది! తుపాకుల కాపలా ఉన్న ఆ గుమ్మం ముందు నిలబడడానికి ఎంత గుండె కావాలండీ! తర్వాత ఆమెనూ అరెస్టు చేసి పెర్మ్ జైల్లో పెట్టారు. అక్కడ తోటి ఖైదీలైన, జార్ భార్య కొలువులో ఉండిన హెండ్రికొవా, ష్నైడర్‌లను సెప్టెంబర్‌లో కాల్చేశారు. అలపాయెవ్‌స్క్ వాళ్లను ఎవరో దుండగులు ఎత్తుకుపోయారని అధికారుల ప్రకటన. అంటే భర్త ప్రాణాలతోనే ఉన్నాడన్న ఆశతో ఆ జైల్లో రోజులు గడిపి ఉంటుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

నార్వే దౌత్యవేత్తలు పట్టుబట్టడంతో 1918 డిసెంబర్‌లో బయటపడింది. అప్పటికే నాయనమ్మ స్వీడన్ చేర్చిన పిల్లల్ని అక్కడ కలుసుకుంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు, యుగోస్లావియా రాజు అలెగ్జాండర్ 1934లో మార్సెయ్‌లో హత్యకు గురైతే ఆ దుఃఖమూ చూసింది. 1962లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో కన్నుమూసింది.

చనిపోయినవాళ్ల ఫోటోలు పేజీ నిండా వేస్తున్నారు, సంతోషం. బతికి, పిల్లల్ని పెంచిన ఈ ఆడమనిషికీ ఒక అర పేజీ కేటాయించండి. అలపాయెవ్‌స్క్ ఎక్కడుందో చూపే చిన్న మ్యాప్ కూడా వేస్తే చదివే పిల్లలకు ఉపయోగం.

– ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్, తెనాలి