మంచు ప్రాంతంలో చక్రాల ఇల్లు: బయానా ఇచ్చే ముందు అడగవలసినవి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో అద్దెల భారం తట్టుకోలేక, ట్రైలర్ మీద కట్టిన చిన్న ఇళ్ల వైపు చూస్తున్న మన యువత గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. ధరలు, నెలవారీ వాయిదాలు, లోపలి అమరిక గురించి వివరంగానే రాశారు గానీ, ఆ ఇంటిని ఏ ఊళ్లో నిలబెట్టబోతున్నారన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. ఉత్తర మిన్నెసోటాలోని డులూత్‌లో ఉంటున్న నాకు అన్నిటికన్నా ముందు అడగవలసింది అదే అనిపించింది. టెక్సస్‌లో హాయిగా ఉండే చిన్న ఇల్లు ఇక్కడి జనవరిలో మనిషి ఉండటానికే పనికిరాకపోవచ్చు. పైకి చూస్తే మాత్రం రెండిటికీ తేడా కనిపించదు.

ఇదే రాష్ట్రంలో టవర్ అనే ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 51 సెల్సియస్, నమోదైంది. 2022-23 శీతాకాలంలో డులూత్‌లో 140 అంగుళాల మంచు పడింది. ఇవి ఏటా వచ్చే అంకెలు కావు, నిజమే. కానీ ఇల్లు తట్టుకోవలసింది మామూలు రోజును కాదు. ఉత్తర మిన్నెసోటాలో నేల మీది మంచు భారం చదరపు అడుగుకు 60 పౌండ్లు, దక్షిణాన 50 పౌండ్లు అనుకుని ఇంటి కప్పు కట్టాలని రాష్ట్ర నియమం. ఆర్‌వీ, అంటే విహారయాత్రల్లో ఉండటానికి వాడే చక్రాల బండి, అన్న ముద్రతో అమ్మే చక్రాల ఇంటిని ఈ స్థానిక నియమాల కింద ఎవరూ తనిఖీ చేయరు. ప్రకటనల్లో కనిపించే ‘నాలుగు కాలాలకూ అనువైనది’ అన్న మాటకు అమ్మేవారు చెప్పుకునే అర్థమే అర్థం.

ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డు మీద లాగాలంటే ఇంటి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. గోడ ఒక అంగుళం మందమైతే లోపల ఆ అంగుళం పోతుంది, అదీ రెండు వైపులా. అందుకే చాలామంది కట్టేవారు మూడున్నర అంగుళాల చట్రంతో సరిపెట్టి, అందులో మామూలు గాజుపీచు కూరుతారు. దాని ఆర్ విలువ, అంటే వేడిని ఆపే శక్తి, 13 నుంచి 15 వరకే ఉంటుంది. మిన్నెసోటాలో 2015లో వచ్చిన ఇంధన నియమావళి కొత్త ఇళ్లకు గోడల్లో కనీసం 20, పైకప్పులో 49 ఉండాలంది. అదే చట్రంలో క్లోజ్డ్ సెల్ ఫోమ్, అంటే గట్టిపడే నురుగు, కొట్టిస్తే గోడ 20 దాటుతుంది. ఖర్చు ఎక్కువే అయినా ఇక్కడ పొదుపు చేయకూడదు. ఇంటి లోపలి నేలను మరీ ముఖ్యంగా చూడాలి. మామూలు ఇంటికి అడుగున భూమి ఉంటుంది, ట్రైలర్ ఇంటికి అడుగున గాలి వీస్తుంది. చుట్టూ కింది దాకా స్కర్టింగ్, అంటే గాలిని ఆపే అడ్డు, కట్టించకపోతే, హీటర్ ఎంత మండినా సాక్సులతో నిలబడ్డ కాళ్లు జివ్వుమంటూనే ఉంటాయి, స్నానాల గది కింది గొట్టాలు గడ్డకడతాయి.

చలిని మించిన శత్రువు చెమ్మ. ఈ సంగతి మనవాళ్లకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన వంట ఆవిరితో కూడిన వంట. కుక్కర్ నాలుగు కూతలు కూసి, పక్క పొయ్యి మీద చారు మరిగితే, ఆ ఆవిరంతా 240 చదరపు అడుగుల గదిలోనే తిరిగి, దొరికిన చల్లని చోటల్లా నీరుగా దిగుతుంది. తెల్లారేసరికి కిటికీ చట్రం చుట్టూ మంచు పేరుకుంటుంది. పడుకునే అటక మీద పరుపు ఎత్తి చూస్తే అడుగు భాగం తడిగా, కొన్ని వారాలకు నల్లని బూజుతో కనిపిస్తుంది. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ పెడితే మరీ ఘోరం: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ భయం దానికి తోడు. తలుపు తీసి ఆవిరిని పంపేద్దామంటే వేడి కూడా దాంతోపాటే పోతుంది. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే హెచ్‌ఆర్‌వీ యంత్రం ఇలాంటి ఇంటికి విలాసం కాదు. అమ్మేవారు దాన్ని అదనపు సదుపాయాల జాబితా చివర్లో చూపిస్తారు.

ప్రొపేన్‌నే పూర్తిగా నమ్ముకోవడమూ మంచిది కాదు. మైనస్ 42 సెల్సియస్ దగ్గర సిలిండర్ నుంచి గ్యాస్ రావడమే ఆగిపోతుంది. అంతకు చాలా ముందే ఒత్తిడి పడిపోయి మంట నీరసిస్తుంది. చలి ప్రాంతాల కోసం చేసిన హీట్ పంప్‌కు, అంటే బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే కరెంటు యంత్రానికి, తోడుగా మరో వేడి మార్గం ఉండాలి, కరెంటు పోయినా పనిచేసేది అయితే మరీ మంచిది.

‘ఉద్యోగం మారితే ఇల్లు వెంట తీసుకుపోవచ్చు’ అని మీ కథనంలో ఒకరు అన్నారు. చలికి తగ్గట్టు కట్టిన ఇల్లు పదివేల పౌండ్ల బరువు సులువుగా దాటుతుంది, దాన్ని లాగడానికి పెద్ద పికప్ కావాలి, మంచు రోడ్ల మీద ఆ పని ఎవరికీ సరదా కాదు. పైగా ఏడాది పొడవునా ఆర్‌వీలో నివసించడాన్ని చాలా నగరాలు ఒప్పుకోవు. 400 చదరపు అడుగుల లోపు ఇళ్లకు కొన్ని వెసులుబాట్లు ఇస్తూ 2018 నమూనా నివాస నియమావళిలో ఒక అనుబంధం చేర్చారు గానీ, దాన్ని స్వీకరించాలో వద్దో ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకోవాలి, అదీ పునాది మీద కట్టిన ఇంటికే. పునాది అంటే ఇక్కడ ఐదడుగుల లోతు తవ్వాలి, నేల అంత లోతుకు గడ్డకట్టవచ్చునన్న లెక్కతో. మామూలు గృహరుణం చక్రాల ఇంటికి దొరకడం కష్టం. ఇక ఊరి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పులతో అటక నిచ్చెన ఎలా ఎక్కుతారో కొనేవారే ఆలోచించుకోవాలి.

కొనదలచినవారికి నా సలహా ఇది. ముందు స్థలం చూసుకుని, ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే ఆ ఊరి జోనింగ్ కార్యాలయం నుంచి లిఖితపూర్వక సమాధానం తెచ్చుకోవాలి. ఆ తర్వాత కట్టేవారిని ఆ ఊరి శీతాకాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతకు ఇంటి నుంచి ఎంత వేడి పోతుందో, కప్పు ఎన్ని పౌండ్ల మంచు మోస్తుందో, ఇంటి నేలలో వేడిని ఆపడానికి ఏం నింపారో కాగితం మీద రాసి ఒప్పందానికి జతచేయమనాలి. ఆ లెక్క ఇవ్వలేనివారికి బయానా ఇవ్వకూడదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
డులూత్, మిన్నెసోటా