పిల్లలకు చదవడం ఎలా వస్తుంది: ఉపాధ్యాయుల సదస్సు నుంచి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, పిల్లల బాగోగులు చూస్తున్న అవ్వాతాతలకు నమస్కారం.

గత నెలలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పే మన టీచర్లతో కలిసి విజయవాడలో జరిగిన ఉపాధ్యాయుల సదస్సుకు హాజరయ్యాను. చిన్న తరగతుల్లో చదవడం నేర్పే పద్ధతుల్లో వేటికి పరిశోధనల బలం ఉంది, వేటికి లేదు అన్నదే అక్కడ చర్చకు వచ్చిన విషయం. ఆటల పోటీల ఫలితాలను, పరీక్షల తేదీలను ఈసారి వెనుక పేజీలో ఇచ్చి, ఈ ఉత్తరమంతా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. మూడో తరగతికి వచ్చేసరికి చదవడం పట్టుబడని బిడ్డకు ఆ పైన తెలుగే కాదు, లెక్కల్లో ఇచ్చే ప్రశ్న కూడా అర్థం కాదు. కనుక దీనికన్నా ముందు మాట్లాడుకోవలసిన సంగతి మరొకటి ఉందని నేను అనుకోను.

"మా వాడు పాఠం గడగడా చదువుతాడు మేడం, ప్రశ్న అడిగితే మాత్రం నోరు మెదపడు" అని మీలో చాలామంది నాతో అంటూ ఉంటారు. దీనికి సమాధానం 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన ఒక చిన్న సూత్రంలో ఉంది. చదివింది అర్థం కావాలంటే రెండు శక్తులు కావాలి. ఒకటి, కాగితం మీది అక్షరాలను శబ్దాలుగా మార్చి పదాన్ని పలకగలగడం. రెండోది, ఆ మాటలు ఎవరైనా నోటితో చెబితే విని అర్థం చేసుకోగలగడం. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధం కూడిక కాదు, గుణకారం అని వారు చెప్పారు. అంటే ఒకటి ఎంత పెద్దదైనా రెండోది సున్న అయితే ఫలితం సున్నే. గడగడా చదివే ఆ పిల్లవాడికి పాఠంలోని మాటలు తెలియకపోయి ఉండవచ్చు. లేదా పదిసార్లు విన్న పాఠాన్ని కంఠస్థం చేసి అప్పజెబుతూ ఉండవచ్చు. ఏది నిజమో తెలుసుకోవడం కష్టం కాదు. పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి చదవమనండి. అవే అక్షరాలతో పుస్తకంలో లేని మాట ఒకటి పలక మీద రాసి చూపించండి. చదవడం వచ్చిన బిడ్డ కాస్త నెమ్మదిగానైనా చదువుతుంది. కంఠస్థం మీద ఆధారపడిన బిడ్డ మీ ముఖం వైపు చూస్తుంది.

అమెరికా చట్టసభ కోరిక మీద 1997లో ఏర్పడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి 2000లో నివేదిక ఇచ్చింది. మాటలోని శబ్దాలను చెవితో విడదీసి గుర్తించడం, అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని వరుసగా నేర్పడం, తడబాటు లేకుండా చదవడం, పదసంపద, అర్థగ్రహణం అనే ఐదు అంశాలకు ఆ నివేదిక ప్రాధాన్యం ఇచ్చింది. వీటిలో మొదటిదానికి పుస్తకమే అక్కరలేదు. "పలక అనే మాటలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగితే "లక" అని చెప్పడం పిల్లలకు ఆటే.

అయితే ఆ నివేదిక పరిశీలించింది ప్రధానంగా ఇంగ్లీషు చదువును. మన లిపి మాటేమిటి అన్న ప్రశ్నకు సదస్సులో ఎక్కువ సమయం కేటాయించారు. నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఆ భాగమే. కన్నడ లిపి మన లిపికి దగ్గరి బంధువు. ఆ భాష చదివే పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్షరాలన్నీ పూర్తిగా పట్టుబడటానికి ఇంగ్లీషు పిల్లలకు అక్షరాలు రావడానికి పట్టే కాలం కంటే చాలా ఎక్కువ కాలం, అంటే నాలుగో తరగతి దాకా పడుతోంది. తెలుగు చెప్పే ఎవరికైనా దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. అచ్చులు, హల్లులు నేర్చుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఒక్కొక్క హల్లుకూ గుణింతం, ఆ పైన ఒత్తులు ఉన్నాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా కనిపించవు. "స్నేహం" అనే మాట చూడండి. ఏత్వం కూర్చున్నది స మీద, న కింద ఒత్తుగా ఉంది. కానీ పలికేటప్పుడు ఏ అనే శబ్దం న తరువాత వస్తుంది. "సేనహం" అని చదివే పిల్లవాడు అజాగ్రత్తగా చదవడం లేదు, కంటికి కనిపించిన వరుసలోనే చదువుతున్నాడు. కన్ను చూసే వరుస వేరు, నోరు పలికే వరుస వేరు అని ఎవరైనా పక్కన కూర్చుని చూపించేదాకా వాడికి అది తెలిసే అవకాశం లేదు. ఇలాంటి చోట పిల్లవాణ్ణి మొద్దు అనడం, తల మీద మొట్టడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఈ కారణంగా ఈ ఏడాది నుంచి ఒత్తుల పాఠాలను రెండో తరగతితో ముగించకుండా నాలుగో తరగతి దాకా కొనసాగిస్తాం. "క కు గుడిస్తే కి" అని వల్లె వేయించడం మానము, ఆ రాగం పిల్లలకు ఇష్టం. కానీ గుణింతం మొత్తం పూర్తయ్యాకే మాటలు అనే పద్ధతి ఉండదు. నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో వచ్చే మాటలు, ఆ మాటలతో వచ్చే చిన్న వాక్యాలు అదే వారంలో చదివిస్తాం. తరగతి అంతా ఒక్క గొంతుతో చదివేటప్పుడు ఎవరికి వచ్చో ఎవరికి రాదో తెలియదు కాబట్టి, ప్రతి బిడ్డ చేతా టీచర్ విడిగా చదివించి వినే సమయం రోజూ ఉంటుంది. బొమ్మ చూసి మాటను ఊహించమనే అలవాటును కూడా మానిపిస్తున్నాం. బాగా చదివేవారి కళ్ళు చాలా మాటల మీద ఆగుతాయని కంటి కదలికల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. ఊహ మీద ఆధారపడేది చదవడం సరిగా రానివారే.

ఇంగ్లీషు విషయంలో "సి ఏ టి, క్యాట్" అని అక్షరాల పేర్లు చెప్పించడానికి ముందు ఆ అక్షరాలు ఆ మాటలో పలికే శబ్దాలను నేర్పుతాం. ఇరవయ్యారు అక్షరాలతో నలభైకి పైగా శబ్దాలు పలకవలసిన భాష అది. ఇంట్లో మీరు వేరే విధంగా చెప్పి ఉన్నా ఇబ్బంది లేదు, పిల్లలు సర్దుకుంటారు.

వేగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2021 జులై 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం మంచిదే. కానీ తెలుగులో "వెళ్ళిపోతున్నారట" అన్నది ఒకే మాట, ఇలాంటి పొడవైన మాటలు ఎక్కువైతే బాగా చదివే బిడ్డకైనా లెక్క తగ్గుతుంది. కాబట్టి దయచేసి ఇంట్లో గడియారం పెట్టుకుని లెక్కపెట్టకండి. ఆ పరిశీలన మేము చేస్తాం.

ఇక ఇంటి వైపు నుంచి కావలసింది. మన పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు హైదరాబాదులోనో బెంగళూరులోనో పనిలో ఉంటే, పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారు. "మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం" అని ఆ పెద్దలు వెనక్కి తగ్గుతూ ఉంటారు. గుణకారంలో రెండో సంఖ్య ఉందే, విని అర్థం చేసుకునే శక్తి, అది పెంచడానికి అక్షరం రానక్కరలేదు. నల్లరేగడిలో శనగ ఎప్పుడు విత్తుతారు, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పచ్చి ఆకు రంగు ఎలా మారుతుంది, వల చిరిగితే ఎలా అల్లుతారు, మీ చిన్నప్పుడు తుఫాను వస్తే ఎక్కడ తలదాచుకున్నారు, ఇవన్నీ పిల్లలకు వివరంగా చెప్పండి. వాళ్ళు ప్రశ్న అడిగితే "ఊరుకో" అనకుండా జవాబివ్వండి. అలా చెవిన పడిన మాటే రేపు పుస్తకంలో కనిపించినప్పుడు బిడ్డకు అర్థమవుతుంది. ఇంగ్లీషు మీడియంలో చేర్పించామని ఇంట్లో తెలుగు తగ్గించవలసిన అవసరం ఏమాత్రం లేదు.

చదువు వచ్చిన తల్లిదండ్రులు రాత్రి భోజనానికి ముందో తరువాతో పది నిమిషాలు పక్కన కూర్చుని చదివించుకుంటే చాలు. తప్పు చదివితే వెంటనే మాట అందించేయకండి. కాసేపు ఆగి, ఆ అక్షరం మీద వేలు పెట్టి, విడదీసి పలకమనండి. అప్పటికీ రాకపోతే మీరే పలికి చూపించి ముందుకు సాగండి. కోపం వచ్చిన రోజున పుస్తకం మూసేసి కథ చెప్పండి, నష్టమేమీ లేదు.

వచ్చే శనివారం ఉదయం మొదటి పీరియడ్‌లో ఒకటో తరగతి గదిలో ఈ పద్ధతిలో పాఠం జరుగుతుంది. వెనుక బెంచీల్లో కూర్చుని చూడటానికి తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఎవరైనా రావచ్చు. పాఠం అయ్యాక టీచర్లు మీ బిడ్డ ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నదో రాసి ఉంచిన కాగితాన్ని మీకు ఇస్తారు. దూరప్రాంతాల్లో ఉన్నవారు సాయంత్రం ఐదు తరువాత తరగతి టీచర్‌కు ఫోన్ చేస్తే ఆ వివరాలు చదివి వినిపిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
కందుకూరు