విలువ లేని చిప్స్‌కు 249 రూపాయలా?

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఫ్రీ పోకర్ టేబుల్‌లో నా చిప్స్ తీసేయడం, మా ఇంటివాళ్ళ టేబుల్‌కు తాళం వేయడం గురించి.

అయ్యా,

నేను గుంటూరులో ఉంటాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. 2021 నుంచి మీ పోకర్ యాప్‌లో ఫ్రీ టేబుల్ ఒక్కటే, అంటే డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి పందెం బిళ్ళలతో (చిప్స్‌తో) ఆడేది, ఆడుతున్నాను. డబ్బు టేబుల్ ఆడదామన్నా మాకు కుదిరేది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణలో 2017లోనే, మా దగ్గర 2020లో నిషేధించారు. లొకేషన్ చూసి మీ యాపే మమ్మల్ని ఆ గదిలోకి రానిచ్చేది కాదు. వేరే రాష్ట్రాల వాళ్ళకు ఫ్రీ టేబుల్ ట్రైలరేమో గానీ, మాకు అదే సినిమా.

రాత్రి తొమ్మిదిన్నరకు మా ప్రైవేట్ టేబుల్ మొదలయ్యేది. నేను, హైదరాబాద్ నుంచి మా చెల్లెలు, బావగారు, విశాఖ నుంచి మా పెదనాన్న కొడుకు. ఆదివారాలు డల్లాస్ నుంచి తమ్ముడు కూడా. చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో చింతపిక్కలు పందెం పెట్టి పేక ఆడేవాళ్ళం. పండగ అయ్యాక మా అమ్మ ఎవరి పిక్కలు వాళ్ళ డబ్బాలో పోసి అటక మీద పెట్టేది. మళ్ళీ ఏడాది ఆట అక్కడి నుంచే. మీ చిప్స్ మాకు ఆ చింతపిక్కలే. నాలుగేళ్ళలో నా డబ్బాలో 18 లక్షల 40 వేలు చేరాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక దేశమంతటా డబ్బు టేబుళ్ళు మూతపడ్డాయి. అక్కడి జనం ఫ్రీ వైపు వచ్చారు, రద్దీ పెరిగింది. అందులో మీ తప్పేమీ లేదు. సెప్టెంబరులో ఒక అప్‌డేట్ వచ్చింది. మర్నాడు చూస్తే నా ఖాతాలో 5,000 చిప్స్. ప్రైవేట్ టేబుల్ పక్కన తాళం బొమ్మ. నొక్కితే 249 రూపాయల చిప్స్ ప్యాక్.

కస్టమర్ కేర్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: చిప్స్‌కు డబ్బు విలువ లేదు కాబట్టి మీకు నష్టం లేదు. సరే, ఒప్పుకుంటాను. మరి విలువ లేనిదానికి 249 రూపాయల ధర ఎలా పెట్టారు? మీ కొట్లో ఉన్నప్పుడు విలువ ఉండి, నా డబ్బాలోకి రాగానే పోతుందా?

చిప్స్ కరువైతే ఆటే మారిపోతుంది. ఇప్పుడు మీ యాప్‌లో అతి చిన్న టేబుల్‌లో బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతుగా కట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) 500, 1,000. రోజుకు మీరిచ్చే 5,000 అంటే ఐదు పెద్ద బ్లైండ్లు. టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ పోకర్ రకంలో చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. ముక్క తిరిగినప్పుడల్లా ఎదుటివాళ్ళ పందెం చూసి వాళ్ళ చేతిలో ఏముందో ఊహించడమే అసలు ఆట. ఐదు బ్లైండ్లతో అంతదూరం వెళ్ళేదెక్కడ? రెండు ముక్కలు చూడాలి, ఉన్నదంతా తోసెయ్యాలి, లేదా పడేయాలి. ఫ్రీ టేబుళ్ళలో అందరూ ప్రతి చేతికీ ఆల్ ఇన్ అంటారని వెక్కిరించేది ఇందుకే. పోయినా రేపు మళ్ళీ ఊరికే వస్తాయంటే జాగ్రత్తగా ఎవరు ఆడతారు? మా టేబుల్‌లో పోయిన పిక్క పోయినట్టే. మా చెల్లెలైతే 200 చిప్స్ పందేనికి కూడా టైమర్ అయిపోయేదాకా ఆలోచించేది.

ముక్కలు కలపడంలో మోసం ఉందని నేను అనడం లేదు. పాత అలవాటు కొద్దీ లెక్క రాసుకున్నాను. చేతికి రెండు ఆసులు రావడం సగటున 221 ఆటలకు ఒకసారి. 9 వేల పైచిలుకు ఆటల్లో నాకు 43 సార్లు వచ్చాయి. లెక్కకు దగ్గరే. ఆట నిజాయితీగా నడిపేవాళ్ళకు ఖాతాల దగ్గర ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో అర్థం కాలేదు.

మా బావగారు మొహమాటపడి ఒక ప్యాక్ కొన్నారు. ఏడు రోజులకు మిగిలిన చిప్స్ మాయం. గడువు ఉందన్న మాట కొనే పేజీలో ఎక్కడా లేదు. స్క్రీన్‌షాట్ జత చేశాను.

అప్‌డేట్‌కు ముందున్న చిప్స్ మా అందరి ఖాతాల్లో తిరిగి వేయండి. బావగారి 249 రూపాయలు వాపసు ఇవ్వండి. ప్రైవేట్ టేబుల్ తాళం తీయండి. సర్వర్ ఖర్చులుంటాయని తెలుసు. డబ్బు పందెం లేని ఆటకు చందా తీసుకోవడాన్ని కొత్త చట్టం కూడా అనుమతిస్తోంది. నెలకు ఇంత అని సూటిగా పెట్టండి, కడతాం. చిప్స్ లాగేసుకుని వాటినే మళ్ళీ మాకు అమ్మకండి. ఇంకొకటి, రాత్రి రెండింటికి "మీ చిప్స్ మీకోసం ఎదురుచూస్తున్నాయి" అని ఫోన్ మోగించడం ఆపండి. ఏ చిప్స్ అండీ?

15 రోజులు చూస్తాను. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. పాత జవాబునే నాలుగోసారి పంపవద్దు.

ఇట్లు,
మీ ఫ్రీ టేబుల్ ఆటగాడు,
గుంటూరు.

జతపరిచినవి: సెప్టెంబరు అప్‌డేట్‌కు ముందూ తర్వాతా ఖాతా స్క్రీన్‌షాట్లు, ప్యాక్ కొనే పేజీ స్క్రీన్‌షాట్, కొన్న రసీదు, మీ మూడు జవాబులు.