పన్నెండు సెంట్లు తక్కువ

కడప,
ఆదివారం మధ్యాహ్నం

రేయ్ మామా,

బాగుండావా? నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పుకోలేక కాగితం మీద రాసినావంటే మొదట నవ్వొచ్చింది. చదివేకొద్దీ నవ్వు పోయింది. నువ్వు పంపే మెయిళ్లు ఎవరికీ అర్థం కావడంలేదని ఆఫీసులో మీ పై ఆయన అన్నాడని, ఇంట్లో మా చెల్లెలేమో "నీకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే" అంటోందని రాసినావు. రెండూ ఒకే జబ్బురా. నువ్వేమో వేరే వేరే అనుకుంటాండావు.

ఇరవై ఏండ్లుగా దస్తావేజులు రాస్తాండావు, ఏదన్నా చెప్పు అన్నావు కదా. నాకు తెలిసింది కొంచెమే. అది కూడా పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా.

పోయిన కార్తీకంలో పులివెందుల పక్క నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, ముసలామెను వెంటబెట్టుకుని. కూతురికి చేను రాసియ్యాలంట. ఆయన మొదలుపెట్టడం బోరు కాడ మొదలుపెట్టినాడు. నీళ్లు పోయింది, చీనీ చెట్లు ఎండింది, అల్లుడు మంచోడే గానీ నోరు దురుసు, ఇట్ల పోతాంది కథ. నేను ఒక చేత్తో ఫోన్ చూసుకుంటా "సరే పెద్దాయనా, సరే" అంటాండా. మధ్యలో ఆయన "రెండెకరాలప్పా, పన్నెండు సెంట్లు తక్కువ" అన్నాడు. నా చెవిలో రెండెకరాలు పడింది, పన్నెండు సెంట్లు పడింది. తక్కువ పడలేదు. ఎ.2.12 సెంట్లు అని దర్జాగా రాసినా.

రాసింది చదివి వినిపించడం మా పనిలో రివాజు. గబగబా చదువుతాంటే, అంతసేపూ గడప కాడ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న ముసలామె తలెత్తి, "ఆయన తక్కువన్నాడు, నువ్వు ఎక్కువ రాసినావు కదా నాయనా" అన్నది. పాసు పుస్తకం నా మోచేతి కిందే ఉంది, తెరవలేదు. తెరిస్తే 1.88! పక్కోళ్ల చేనులో 24 సెంట్లు ఆయన కూతురికి నేనే దానం చేసేసినా. స్టాంపు కాగితాలు దండగ. అది నా జేబులోంచే పోయిందిలే. చదువు రాని ఆమె విన్నది, చదువుకున్నోడు వినలేదు. ఆ పొద్దు అన్నం సయించలేదు.

అప్పటినుంచి ఫోన్ సొరుగులో పడేస్తా. మనిషి చెప్పేది అయిపోయేదాకా పెన్ను మూత తియ్యను. అయిపోయినాక నా మాటల్లో తిరిగి చెప్తా, "అంటే పెద్దాయనా, నువ్వనేది ఇదేనా?" అని. చిత్రమేమంటే, అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. ఈ పెద్దాయనకు కూడా తిరగరాసేటప్పుడు అట్ల చెప్తే, కాసేపు తల గోక్కుని, "బండి దావ మాత్రం కొడుక్కి ఉండాలప్పా, లేకుంటే వాడు వెనక చేనులోకి ఎట్ల పోతాడు?" అన్నాడు. చీనీ చెట్లు, అల్లుడు, బోరు అన్నీ చెప్పినోడు దావ సంగతి మరిచినాడు. అది రాయకుంటే రేపు అక్కాతమ్ముళ్లు ఆ దావలోనే కొట్టుకునేవాళ్లు.

చిన్నప్పుడు మా అవ్వ కథ చెప్తాంటే మనమిద్దరం ఊ కొట్టేవాళ్లం, గుర్తుందా? ఉన్నట్టుండి ఆపి, "యాడ ఆపినా చెప్పు" అనేది. నువ్వు ఎప్పుడూ దొరికిపోయేటోడివి. ఊ కొట్టడం వేరు, వినడం వేరు అని ఆమెకు తెలుసు. మా చెల్లెలు అడిగేదీ అదే. ప్రొద్దుటూరులో అష్టావధానానికి పోయినాం చూడు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది అవధానిని ఎనిమిది వైపులా లాగుతాంటారు, ఒకాయన సంబంధంలేని ప్రశ్నలేసి సతాయిస్తాంటాడు, ఇంకో పక్క గంట మోగుతాంటుంది. అన్నీ అయినాక గంట ఎన్నిసార్లు మోగిందో కూడా అవధాని చెప్పాల. నీ ఇంట్లో పృచ్ఛకురాలు ఒక్కతే కదరా! టీవీ ఆపి కూర్చో. చెప్తాండగానే మధ్యలో "అట్లయితే ఇట్ల చెయ్" అని సలహా పడెయ్యొద్దు. "ఆ మీదట?" అను చాలు.

ఇంక రాత సంగతి. మన కమలాపురం దగ్గరి ఎర్రగుడిపాడు శాసనం పాఠం ఒకటి మొన్న చదివినా. రేనాటి చోళుల కాలందిలే, సుమారు 1,400 ఏండ్ల కిందటి తెలుగు. అదీ భూమి దస్తావేజే, మా కులవృత్తి అనుకో! ఇచ్చినోడు ఎవరు, ఎవరికిచ్చినాడు, ఇచ్చింది పన్నస, అంటే దానమిచ్చిన భూమి, సాక్షులు వీళ్లు, దీనికి అడ్డొస్తే పంచమహాపాతకం. కొద్ది మాటల్లోనే అయిపోయింది. రాయి మీద ఉలితో చెక్కాలంటే అనవసరమైన మాట ఎవడు చెక్కుతాడు? నేనేమో "దాన వినిమయ విక్రయాది సర్వస్వతంత్ర హక్కులతో" అని పేజీలు నింపుతాండా. మాకు తప్పదు, నీకెందుకు ఆ ఖర్మ? మెయిల్ రాసే ముందు ఇది రాయి మీద చెక్కాల్సొస్తే ఏం చెక్కుతావో చూసుకో. ఎవరు, ఏం చెయ్యాల, ఎప్పటికి. దాన్ని మొదటి పంక్తిలో పెట్టు. కారణాలు తర్వాత.

నీ రాత ఎట్లుంటుందో నాకు తెలీదా? ఉగాదికి ముందు వాట్సాప్‌లో ఏం పంపినావు? "రేపు వాళ్లొస్తారు, అది ఇచ్చి పంపు, మిగతాది తర్వాత చూద్దాం." వాళ్లెవరు? అది ఏది? మీ అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు జాడీ కోసమే అనుకుని భద్రంగా మూట కట్టి ఇచ్చినా. నువ్వడిగింది ఇంటి పన్ను రసీదులంట. "బుధవారం పొద్దున మా బావమరిది వస్తాడు, బీరువా పైన ఉండే ఇంటి పన్ను రసీదులు ఇచ్చి పంపు" అని రాసుంటే ఏం పోయేది? నీ తలకాయలో ఉండే 'అది' నా తలకాయలో ఉండదు కదా.

రాసినాక పంపేముందు ఒకసారి పైకి చదువు, నోరు తిరగనిచోట కోసెయ్. మన యర్రముక్కపల్లి లైబ్రరీ ఉంది చూడు, అది ఎవరి పేరున ఉందో ఆ సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికొచ్చినాడు. ఒకే గ్రంథానికి ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పోల్చి పోల్చి తప్పులు ఏరించినాడు. అంత ఓపిక మనకు లేదు గానీ, నీ మెయిల్‌ను నువ్వే రెండోసారి చదువుకునేంత ఓపికన్నా ఉండాల కదా.

దసరాకు వస్తానన్నావు. ఏ రోజు, ఏ బండికి, ఎంతమంది, అన్నీ రాయి. అన్నట్టు ఆ జాడీని మీ బావమరిది దావలోనే ఖాళీ చేసినాడంట. మీ అమ్మ మొన్న జాడీ యాడికి పోయిందని అడిగితే నేను ఊ కొట్టి ఊరుకున్నా. ఆమెకు నువ్వే చెప్పుకో.

ఇట్లు,
నీ మామ