మొహానికి టోనర్ రాయమంటున్నారు సరే, ఎవరి మొహానికో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆడవాళ్ళ పేజీలో టోనర్ గురించి, అంటే మొహం కడిగినాక అద్దుకునే నీళ్ళలాంటి దాని గురించి, ఒక బాక్సు వేసినారు. నిమ్మరసం, రోజ్‌వాటర్ సగం సగం కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పొద్దున సాయంత్రం దూదితో మొహానికి అద్దండి, చర్మ రంధ్రాలు మూసుకుపోతాయి, మొహం నిగనిగలాడుతుంది, ఏ రకం చర్మానికైనా వాడొచ్చు అని ఉండాది. ఆ చివరి ముక్క చూసే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నేను తిరుపతిలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని, ఆదివారం మీరు ఏది వేస్తే సోమవారం అది మా కౌంటర్ దగ్గరికి నడిచొస్తుంది, కొంతమంది పేపర్ కటింగ్ కూడా పర్సులో మడిచి తెస్తారు, "అక్కా ఇందులో రాసింది ఇయ్యి" అంటారు, మీ చర్మం ఎట్లాంటిది మా అని అడిగితే మాత్రం ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు.

ముందు ఒక విషయం చెప్పేస్తా, మా ఓనర్ చదివితే తిట్టుకుంటాడేమో గానీ, టోనర్ లేకపోయినా ఏం కాదు. అసలు అది ఎందుకొచ్చిందంటే, మన చర్మం పైన సన్నటి ఆమ్లపు పొర ఉంటుంది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే లెక్క, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దాదాపు 5 దగ్గర్లో. మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది, క్షారం. సబ్బుతో మొహం కడిగినాక చర్మం బిర్రుగా లాగేది అందుకే. పైగా మనకి తిరుపతిలో కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగు గంగ నీళ్ళో వచ్చే కుళాయి ఉన్నవాళ్ళు పర్లేదు గానీ బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి తెలుసు, ఆ నీళ్ళలో కాల్షియం సబ్బుతో కలిసి బకెట్ అంచుకి తెల్లగా జిగటగా పట్టేస్తుంది కదా, అదే మొహం మీదా కొంచెం మిగిలిపోతుంది. ఆ మిగిలింది తుడవడానికి, చర్మాన్ని మళ్ళీ ఆమ్లం వైపు తేవడానికి అప్పట్లో టోనర్ అవసరమయ్యేది. ఇప్పుడు మంచి ఫేస్‌వాష్‌లు చర్మం పీహెచ్‌కి దగ్గరగానే వస్తున్నాయి, కాబట్టి ఆ పని చాలావరకు తీరిపోయింది. హాస్టల్ పిల్లలు చేతిలో తక్కువ డబ్బులతో వచ్చి టోనర్ అడిగితే నేను ముందు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఉన్నాయా అనే అడుగుతా, అవి లేకుండా టోనర్ కొనడం దండగ.

ఇంక రంధ్రాలు మూసుకోవడం. చర్మ రంధ్రాలకి కండరం లేదు, తెరుచుకోవడం మూసుకోవడం వాటికి చేతకాదు. లోపల జిడ్డు, మట్టి గడ్డకట్టి ఉంటే పెద్దగా కనపడతాయి, అది కరిగి బయటికొస్తే చిన్నగా కనపడతాయి, అంతే. ఆల్కహాల్ ఉన్న టోనర్ రాస్తే అది ఆవిరయ్యేటప్పుడు చల్లగా బిగుతుగా అనిపిస్తుంది, ఆ చురుకునే మనవాళ్ళు "పనిచేస్తా ఉంది" అనుకుంటారు. కటింగ్ షాపులో గడ్డం గీసినాక పటిక రాయి రుద్దుతారే, దానిదీ ఇట్లాంటి పనే, చర్మాన్ని కాసేపు బిగిస్తుంది, చిన్న గాటు పడుంటే రక్తం ఆపుతుంది. ఆ మాటకొస్తే మగవాళ్ళు వాడే ఆఫ్టర్‌షేవ్ కూడా చాలావరకు ఆల్కహాల్ టోనరే, కాకపోతే మగవాళ్ళకి అది టోనర్ అని చెప్తే కొనరు.

చర్మం ఏ రకమో తెలుసుకోవడం పెద్ద కష్టం కూడా కాదు. రాత్రి మెత్తటి ఫేస్‌వాష్‌తో కడుక్కుని, తుడుచుకుని, ఏమీ రాయకుండా ఒక అరగంట నుంచి గంట ఫ్యాన్ కింద కూర్చోవాలి. బుగ్గలు లాగుతున్నాయి, నవ్వితే చర్మం పట్టేసినట్టుంది అంటే పొడి చర్మం. మొహమంతా మెరుస్తోంది, టిష్యూ పేపర్ అద్దితే అంతటా నూనె మరకలు పడ్డాయంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం దగ్గరే మరక, బుగ్గల మీద ఏం లేదంటే మిశ్రమ చర్మం, మన దగ్గర ఎక్కువ మంది ఇట్లా వచ్చినవాళ్ళనే చూస్తుంటా. కొత్తది ఏది రాసినా ఎర్రబడేవాళ్ళు, మండేవాళ్ళు సెన్సిటివ్, అది జిడ్డుతోనూ ఉండొచ్చు పొడితోనూ ఉండొచ్చు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, మే నెలలో తిరుపతిలో ఎవర్ని అడిగినా నాది ఆయిలీ స్కిన్ అనే అంటారు. రేణిగుంట నుంచి బస్సులో నిలబడి వచ్చినాక ఎవరి మొహమైనా కారిపోతుంది, అది చెమట, జిడ్డు కాదు. చెమట నీళ్ళతో పోతుంది, జిడ్డు సబ్బో ఫేస్‌వాషో లేనిదే పోదు. చెమట చూసి జిడ్డు అనుకుని ఘాటు టోనర్ కొన్న పొడి చర్మం వాళ్ళు డిసెంబర్ వచ్చేసరికి బుగ్గలు పగిలి మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఇంకోటి, ఇరవై ఏళ్ళప్పుడు జిడ్డుగా ఉండే చర్మం నలభై ఐదు దాటేసరికి పొడిబారొచ్చు, అందుకే కూతురి సీసా తల్లి వాడితే కుదరకపోవచ్చు.

మొన్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది, ముక్కు పక్కన, నుదుటి మీద చర్మం తెల్లగా పొట్టు లేస్తా ఉంది. "అక్కా, టోనర్ రాస్తేనే ఇట్లయింది, ఇంకా స్ట్రాంగ్‌ది ఏదన్నా ఉందా" అనింది. ఉన్నదే ఎక్కువైందని ఆ పిల్లకి తోచలేదు. సీసా చూపించు మా అన్నా. ముందు వైపు పెద్ద గులాబీ బొమ్మ, స్వచ్ఛమైన గులాబీ అన్నట్టు రాతలు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల లిస్టు, మొదట నీళ్ళు, రెండోది ఆల్కహాల్ డీనాట్, అంటే తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్, గులాబీ ఎక్కడో చివర్లో, దానికన్నా ముందే సెంటు. ఆ లిస్టు ఎట్లా చదవాలంటే, ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు, ఒక శాతం కన్నా తక్కువుండేవి మాత్రం చివర్లో అటూ ఇటూ ఉండొచ్చు. కాబట్టి మొదటి నాలుగైదు పేర్లు చూస్తే చాలు సీసాలో ఏముందో తెలిసిపోతుంది. ఇథనాల్, ఆల్కహాల్ డీనాట్, ఎస్‌డీ ఆల్కహాల్ అనేవి పైన కనపడితే పొడి చర్మం, సెన్సిటివ్ చర్మం వాళ్ళు ఆ సీసా అక్కడే పెట్టేయొచ్చు. సీటైల్ ఆల్కహాల్, స్టియరిల్ ఆల్కహాల్ అని ఉంటే భయపడొద్దు, పేరులో ఆల్కహాల్ ఉన్నా అవి మైనం లాంటి కొవ్వులు, చర్మాన్ని ఎండబెట్టవు. ఆ అమ్మాయికి నేను టోనర్ అమ్మలేదు, ఉన్నది ఆపి వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకో, రెండు వారాలకీ తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించు అని చెప్పి పంపించా.

జిడ్డు చర్మం, బ్లాక్‌హెడ్స్, మొటిమలు ఉన్నవాళ్ళకి సాలిసిలిక్ యాసిడ్ ఉన్న టోనర్ నిజంగానే పనికొస్తుంది, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగి గడ్డకట్టిన జిడ్డుని వదులు చేస్తుంది. మామూలుగా 0.5 నుంచి 2 శాతం వరకు వస్తాయి. మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులు చాలు, రోజూ రెండు పూటలా పూస్తే మొటిమలు పోయేముందు చర్మం పోతుంది. మొటిమలకి డాక్టర్ రాసిన అడాపలీన్ లాంటి క్రీమ్ ఇప్పటికే వాడేవాళ్ళు దీన్ని కూడా పెట్టుకోకండి, ఆస్పిరిన్ పడనివాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. నియాసినమైడ్, అంటే విటమిన్ బీ3, ఇది కొంచెం సాధు జంతువు, జిడ్డు తగ్గిస్తుంది, మచ్చలకీ మంచిది, ఎక్కువ మందికి పడుతుంది. పొడి చర్మానికి గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, పాంథెనాల్ ఇట్లాంటివి చూడాలి. హయలురోనిక్‌లో యాసిడ్ అని ఉన్నంత మాత్రాన అది పొట్టు లేపేది కాదు, నీళ్ళు పట్టి ఉంచేది. కానీ అది రాసి ఊరుకుంటే లాభం లేదు, తడి ఆరకముందే పైన క్రీమ్ రాయాలి, లేకపోతే ఆ నీళ్ళు గాలికి పోతాయి. మిశ్రమ చర్మం వాళ్ళు ఒకే టోనర్ మొహమంతా రాయాలని ఎవరూ శాసనం చేయలేదు, ముక్కు నుదురు వరకు రాసి బుగ్గలు వదిలేయొచ్చు. దూది కూడా తప్పనిసరి కాదు, సగం సీసా దూదే తాగేస్తుంది, శుభ్రమైన చేతిలో నాలుగు చుక్కలు పోసుకుని అద్దుకుంటే సరిపోతుంది.

గ్లైకోలిక్ యాసిడ్ గురించి మాత్రం ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చెరుకులో కూడా ఉంటుందని ఎవరో చెప్పినారంట, బెల్లం తినే ఊరోళ్ళం మనకేం చేస్తుంది అని ఒకాయన నాతోనే వాదించినాడు! చెరుకులో ఉండేది వేరే లెక్క, సీసాలో 5, 7 శాతం యాసిడ్ ఉండేది వేరే లెక్క. అది పైపొర మృతకణాలని ఊడదీస్తుంది, దాంతో చర్మం ఎండకి ఇంకా తేలిగ్గా కందుతుంది. రాత్రి రాసుకుని పొద్దున సన్‌స్క్రీన్ లేకుండా స్కూటీ మీద ఎండలో తిరిగేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

మళ్ళీ మీ నిమ్మకాయ దగ్గరికి వస్తా. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మం కన్నా ఎన్నో రెట్లు ఘాటు. దానికి మించిన ఇబ్బంది ఇంకోటుంది, నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అని కొన్ని పదార్థాలుంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది, బొబ్బలు కూడా రావొచ్చు, తర్వాత నల్లటి మచ్చలు వారాలు, నెలలు ఉండిపోతాయి. మా షాపు దగ్గర్లో పూలు కట్టి అమ్మే ఒకామె, మీ పేపర్ చూసి కాదులెండి, ఎవరో ఫోన్లో వీడియో చూపించినారంట, పొద్దున్నే నిమ్మచెక్క మొహానికి రుద్దుకుని ఎండలో గంప ముందు కూర్చుంది. బుగ్గ మీద నుంచి మెడ దాకా రసం ఎట్లా కారిందో అట్లానే గీతలు గీతలుగా నల్లబడింది, వేలితో గీసినట్టే కనపడతా ఉండాది. "తెల్లగవుతుందంటే రాసినానమ్మా" అనింది, రుయా ఆస్పత్రి స్కిన్ ఓపీకి పొమ్మని చెప్పినా. నిమ్మకాయే కాదు, వంట సోడా, వెనిగర్ కూడా మొహానికి రాయకూడనివే. మదనపల్లె టమోటా రసం కొంచెం నయమే అయినా సెన్సిటివ్ చర్మానికి అదీ మండుతుంది, టమోటా పప్పులోకే బాగుంటుంది. ఇంట్లో చేసిన రోజ్‌వాటర్‌లో పాడవకుండా ఆపేది ఏదీ ఉండదు, ఫ్రిజ్‌లో ఉన్నా కొన్ని రోజులకే పారబోయాలి, మీ బాక్సులో ఆ మాట లేదు.

కొండ మీద గుండు చేయించుకున్నాక గంధం పూస్తారు కదా, అది చల్లగా ఉంటుంది, ఇంట్లో మంచి గంధం చెక్క సాది పూసుకుంటే బాగానే ఉంటుంది. బజార్లో పసుపుపచ్చగా అమ్మే పొడిలో రంగెంతో సెంటెంతో ఎవరికి తెలుసు, అది మొహానికి టోనర్‌లాగా కలుపుకోవచ్చా అని యాత్రికులు అడుగుతుంటారు, గీసిన తల మీదే మంట అంటుంటే మొహానికెందుకు అంటా నేను. తెల్లబడతారు అని చెప్పి పేరూ ఊరూ లేకుండా అమ్మే సీసాలు అసలు కొనొద్దు, వాటిలో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సీసా మీద తయారీదారు అడ్రస్, బ్యాచ్ నంబర్, ఎప్పటిలోపు వాడాలో, ఏమేం కలిపారో ఉండాలి, లేదంటే వెనక్కిచ్చేయండి.

నేను మీ పేజీ తీసేయమని అడగడం లేదు, మా షాపుకి వచ్చే ఆడవాళ్ళు ముందు చదివేది ఆ పేజీనే. నేనడిగేది రెండు లైన్లు. ప్రతి చిట్కా కింద ఇది ఎట్లాంటి చర్మానికి, ఎవరు వాడకూడదు అని ఒక లైను. ముందు మోచేతి లోపలి వైపో చెవి వెనకో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూసి ఏమీ కాకపోతేనే మొహానికి రాయండి అని ఇంకో లైను. వేసే ముందు ఒక స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే ఇంకా మంచిది, తిరుపతిలో మెడికల్ కాలేజీలే ఉన్నాయి, అడిగితే కాదనేవాళ్ళు ఉండరనుకుంటా.

ఉత్తరం పొడవైపోయింది, జాగా లేక కత్తిరించాల్సొస్తే పటిక రాయి సంగతి, ఆఫ్టర్‌షేవ్ సంగతి తీసేయండి, గర్భంతో ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్ పడనివాళ్ళ గురించి రాసిన లైను, నిమ్మరసం ఎండ గురించి రాసింది మాత్రం దయచేసి అట్లాగే ఉంచండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, తిరుపతి