లేబర్ రూములో మాకు మాట సాయం కావాలి: మంత్రి గారికి ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాన్పుకి వచ్చే ఆడవాళ్ల భాష తెలిసిన మనిషిని మా ఆసుపత్రికి ఇవ్వమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాం. ఒకటి మా డాక్టరు గారి ద్వారా పంపాం, రెండోది నేనే సెలవు పెట్టి బస్సెక్కి వెళ్లి ఇచ్చాను, మూడోది రిజిస్టర్ పోస్టులో వేశాను. రశీదులు మూడూ నా దగ్గరే ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది, తప్పుగా అనుకోకండి.

నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో స్టాఫ్ నర్సును. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి పంతొమ్మిదేళ్లయింది. మొదట్లో మైదాన ప్రాంతంలో కాంట్రాక్టు మీద చేశాను. అక్కడ సగం పని నోటితోనే అయిపోయేది. "ఏం కాదులే అమ్మా, నేనున్నాగా" అంటే చాలు, మనిషి కుదుటపడేది. రెగ్యులర్ పోస్టు వచ్చి ఎనిమిదేళ్ల కిందట ఇక్కడ చేరాక ఆ మాటే పనిచేయకుండా పోయింది.

చేరిన మొదటి వానాకాలం. ఒక గోండు అమ్మాయి, తొలి కాన్పు. వాగు పొంగితే మంచం మీద మోసుకొచ్చారు. బిడ్డ పుట్టిన నిమిషంలోపే రక్తస్రావం కాకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పది యూనిట్లు ఇచ్చాను, మాయ పడింది, రక్తస్రావం లేదు, బీపీ బాగుంది. కేస్ షీటులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం "ఏర్... ఏర్..." అంటూనే ఉంది. ఏరు దాటి వచ్చిన భయం ఇంకా పోలేదేమో అనుకున్నాను. "ఏరు తగ్గిందిలే తల్లీ, పడుకో" అని తల నిమిరాను. తెల్లారాక మా శానిటేషన్ వర్కరు వచ్చింది. ఆ మాట వినగానే చీపురు అక్కడే వదిలేసి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ పిల్ల చెంబు దించకుండా తాగేసింది. గోండీలో ఏర్ అంటే నీళ్లు అట సార్. రాత్రంతా నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను.

ఆ రోజు నుంచి ఆ వర్కరే మా ఆసుపత్రికి నోరూ చెవీ అయింది. ఇచ్చేది ఊడ్చే పనికి జీతం, చేసేది ప్రాణాలు నిలబెట్టే పని. ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, బిడ్డ కదులుతోందా, తలనొప్పి ఉందా, కళ్లు మసకలు కమ్ముతున్నాయా, ఇవన్నీ ఆమె అడిగి చెబితేనే నాకు తెలిసేవి. బీపీ ఎక్కువగా ఉన్న గర్భిణిని ఆ చివరి రెండు ప్రశ్నలు అడగలేకపోతే, ఒక్కోసారి సంగతి ఫిట్స్ వచ్చాకే బయటపడుతుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన విషయం కాదు.

పోయినేడు కాంట్రాక్టరు మారాడు. ఆమెను తీసేశారు.

అప్పటి నుంచి మా రాత్రి డ్యూటీలు ఎలా గడుస్తున్నాయో చెబుతాను. తలుపు బయట భర్త నిలబడతాడు, ఆయనకు కొద్దిగా తెలుగు వస్తుంది. నేను లోపలి నుంచి అరిచి అడుగుతాను, ఆయన గోండీలో అరిచి అడుగుతాడు. ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకునే మాటలు వసారాలో అందరి ముందూ ఎవరు చెబుతారు? సిగ్గుతో ఆ అమ్మాయి నోరు మూసుకుంటుంది. ఆశా కార్యకర్త వెంట వస్తే అదృష్టమే, కానీ ప్రతి రాత్రీ రాలేదు కదా, ఆమెకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. వచ్చిన మనిషి కొలామ్ తెగ అయితే గోండీ కూడా సరిపోదు. కొలామీ నుంచి గోండీ, గోండీ నుంచి తెలుగు. నొప్పి ఎక్కడో నాకు చేరేసరికి నొప్పి ఇంకోచోటికి మారి ఉంటుంది. లంబాడీ, మరాఠీ సంగతి చెప్పనే లేదు.

2023 జులైలో సికిల్ సెల్ మిషన్ మొదలైంది, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే ఒక రక్తపు జబ్బును అరికట్టడానికి. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. రక్తం తీస్తున్నాం, కార్డులు ఇస్తున్నాం. కానీ ఇద్దరు క్యారియర్లు, అంటే తమకు జబ్బు లేకపోయినా బిడ్డకు అందించగలవాళ్లు, పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుందని ఎలా చెప్పాలి? తెలుగులో చెప్పడానికే నాకు పది నిమిషాలు పడుతుంది. చేతిసైగలతో అయ్యే పనా ఇది? కార్డు తీసుకుని, తల ఊపి వెళ్లిపోతున్నారు. ఏం అర్థమైందో నాకు తెలియదు.

రెండేళ్ల కిందట ఒక పెద్ద అధికారి మా దగ్గరికి వచ్చి, ప్రతి పీహెచ్‌సీకీ భాష తెలిసిన మనిషిని ఇస్తామన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ మాట ఏమైంది సార్? ఎక్కడో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గారు 1943లోనే ఇక్కడి మార్లవాయి ఊళ్లో గోండు పిల్లలకు వాళ్ల భాషలో చదువు మొదలుపెట్టించారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా మా లేబర్ రూము గోడ మీద గోండీ మాట ఒక్కటి లేదు. సంతకాలు పెట్టించుకునే సమ్మతి పత్రం కూడా తెలుగులోనే ఉంది. వాళ్లు చదవలేని, నేను చదివి వినిపించినా అర్థంకాని ఆ కాగితం మీద వేలిముద్ర వేయించే ప్రతిసారీ నాకు చెయ్యి వణుకుతుంది.

ఈ ఎనిమిదేళ్లలో నేనూ ఒక నోట్‌బుక్‌లో రెండు వందల మాటల దాకా రాసుకుని నేర్చుకున్నాను. కానీ రేపు కౌన్సెలింగ్‌లో నాకు బదిలీ వస్తే ఆ మాటలు నాతోనే వెళ్లిపోతాయి. నా తర్వాత వచ్చే పిల్ల మళ్లీ ఏరు తగ్గిందిలే అంటుంది. కొత్తగా చేరేవాళ్లకు ఒక నెల రోజులు భాష నేర్పించండి. భాష తెలిసిన ఆడమనిషిని ఆ పని కోసమే, ఆ పనికి తగ్గ జీతంతో పెట్టండి. డబ్బులు లేవంటే, మా వర్కరును ఊడ్చే పనికే అయినా సరే, ముందు వెనక్కి తీసుకోండి. దండం పెట్టి అడుగుతున్నాను.

ఈ నెలలో కాన్పు డేట్ ఇచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. అందులో నలుగురికి తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి అమ్మాయి డేట్ పద్దెనిమిదో తారీకు. ఆలోపైనా మా వర్కరును పిలిపించండి సార్.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
ఆదిలాబాద్ ఏజెన్సీ